బ్యాటు ఖరీదైనదా, ఒంటికి తగినదా?

ఎదుగుతున్న ఆటగాళ్ళు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

విజయనగరం: సంక్రాంతి వచ్చిందంటే జిల్లాలో ఊరూరా క్రికెట్ పోటీలు మొదలవుతాయి. వేసవి సెలవుల్లో మళ్ళీ అదే సందడి. కోతలు కోసిన మళ్ళు, నీరు ఇంకిన చెరువు గర్భాలు, హైస్కూలు ఆటస్థలాలు మైదానాలుగా మారుతున్నాయి. ఒకప్పుడు కొబ్బరి మట్ట చెక్కి బ్యాటుగా చేసుకుని, మూడు కర్రలు పాతి ఆడుకున్నవారి పిల్లలు ఈనాడు కాళ్ళకు ప్యాడ్లు, తలకు హెల్మెట్ ధరించి తోలు బంతితో ఆడుతున్నారు. చీపురుపల్లి, గజపతినగరం, బొబ్బిలి, రాజాం ప్రాంతాల నుంచి పట్నానికి బస్సెక్కి వచ్చి శిక్షణ పొందుతున్న పిల్లలున్నారు. 16 ఏళ్ళ లోపు, 19 ఏళ్ళ లోపు జట్ల ఎంపికలకు హాజరవుతున్నవారూ ఉన్నారు.

దీనితోపాటు పల్లె ఇళ్ళలోకి ఒక కొత్త ఖర్చు కూడా వచ్చింది. అది మంచి బ్యాటు ఖర్చు. కాశ్మీర్ విల్లో కొయ్యతో చేసిన బ్యాటు 2, 3 వేల రూపాయలకు దొరుకుతోంది. ఇంగ్లీషు విల్లో బ్యాటు కావాలంటే 8, 10 వేల రూపాయల నుంచి మొదలై 30, 40 వేలు కూడా దాటిపోతోంది. ఎత్తు, బరువు, పిడి లావు చెప్పి మీరట్‌లోనో, జలంధర్‌లోనో ప్రత్యేకంగా చేయించుకునే ఏర్పాటు కూడా ఉంది. "ఆ బ్యాటు ఉంటే నేనూ సెలెక్ట్ అవుతాను" అని కొడుకు పట్టుబడితే, వరి అమ్మిన డబ్బులోంచో, చేబదులు తెచ్చో కొనిపెడుతున్న తండ్రులున్నారు.

ఇంత ఖర్చు పెట్టి కొలత బ్యాటు చేయించడం వల్ల ఇంకా ఆట నేర్చుకుంటున్న కుర్రవానికి లాభం ఉన్నదా అన్నది ఆలోచించవలసిన విషయం. బ్యాటు ఆటగానికి కొలత ప్రకారం సరిపోవడం చాలా ముఖ్యం. అయితే అలా సరిపెట్టుకోవడానికి వేలకు వేలు అక్కరలేదు. ఖరీదైన కొలత బ్యాటుకు ఒక సమయం ఉన్నది. ఆ సమయం రాకముందే కొంటే డబ్బుతోపాటు ఆట కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది.

పార పిడి లాంటిదే

వ్యవసాయం చేసేవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. పారకు పిడి వేయించేటప్పుడు ఎవరూ పొరుగువాని కొలత ఇవ్వరు. పిడి పొట్టిదైతే నడుము వంగిపోతుంది, పొడుగుదైతే దెబ్బ సూటిగా పడదు. నాగలి మేడి కూడా దున్నేవాని ఎత్తుకు తగ్గట్టే ఉంటుంది. బ్యాటు సంగతీ ఇంతే.

బడి బట్టలు కుట్టించే పద్ధతిలో బ్యాటు కొనడం చాలామంది తల్లిదండ్రులు చేస్తున్న పొరపాటు. "ఎదిగే పిల్లాడు కదా, ఒక సైజు పెద్దది తీసుకుంటే రెండేళ్ళు వస్తుంది" అని అనుకుంటారు. చొక్కా వదులైతే చేతులు మడుచుకోవచ్చు. బ్యాటు పెద్దదైతే మడుచుకోవడానికి వీలులేదు. పొడవైన బ్యాటు పట్టిన కుర్రవాడు సూటిగా డ్రైవ్ చేయబోతే పిడి పొట్టకు తగులుతుంది. దాన్ని తప్పించుకోవడానికి బ్యాటును అడ్డంగా తిప్పడం అలవాటు చేసుకుంటాడు. బ్యాటు బరువైతే వెనక్కి ఎత్తడం ఆలస్యమవుతుంది, కింది చేతి బలంతో బంతిని లాగి కొట్టవలసి వస్తుంది. టెన్నిస్ బంతితో ఆడినంతకాలం ఈ లోపం బయటపడదు, పైగా సిక్సర్లు కూడా పడతాయి. తోలు బంతి వేగంగా వచ్చేసరికి క్యాచ్‌లు లేస్తాయి, స్టంపులు పడతాయి.

బ్యాటు మరీ పొట్టిదైతే వేరే ఇబ్బంది. ఆటగాడు వంగి నిలబడవలసి వస్తుంది. తల పక్కకు వాలుతుంది. కళ్ళు సమంగా లేకపోతే బంతి ఎక్కడ పడుతున్నదీ సరిగా తెలియదు.

ఇలా పడిన అలవాటును మాన్పించడానికి శిక్షకునికి ఒక సీజను పడుతుంది. ఎంపికలు వయసును బట్టి జరుగుతాయి కనుక పోయిన ఏడాది తిరిగి రాదు. 15వ ఏట తప్పు బ్యాటుతో గడిపిన కుర్రవానికి 16 ఏళ్ళ లోపు జట్టు తలుపు మూసుకుపోతుంది. కనుక నష్టాన్ని రూపాయల్లో మాత్రమే లెక్కించరాదు.

సైజు చూడడం ఎలా?

పిల్లల బ్యాట్లు 1 నుంచి 6 వరకు అంకెలతో వస్తాయి. 6 తరువాత హారో, ఆ తరువాత పెద్దలు వాడే షార్ట్ హ్యాండిల్, బాగా పొడగరుల కోసం లాంగ్ హ్యాండిల్ ఉన్నాయి. సుమారుగా 5 అడుగుల ఎత్తు కుర్రవానికి 5వ సైజు, 5 అడుగుల 3, 4 అంగుళాలవానికి 6వ సైజు, 5 అడుగుల 6 అంగుళాల దరిదాపుల్లో ఉన్నవానికి హారో సరిపోతాయి. 5 అడుగుల 8 అంగుళాలు వచ్చాక షార్ట్ హ్యాండిల్, 6 అడుగుల 2 అంగుళాలు దాటితే లాంగ్ హ్యాండిల్ చూడవచ్చు. తయారీదారును బట్టి ఒకటి రెండు అంగుళాలు తేడా ఉంటుంది. పొట్టివారైనా భుజబలం ఉన్న పెద్దవారు షార్ట్ హ్యాండిల్ వాడుతుంటారు.

పట్టిక కంటే మంచి కొలత మనిషే. బూట్లు వేసుకుని, ఆడేటప్పుడు నిలబడే తీరులో నిలబడి, బ్యాటు అడుగు కొసను వెనుక కాలి బొటనవేలి పక్కన ఆనించాలి. పిడి పై కొస తొడ పైభాగం దగ్గరకు రావాలి. నడుము దాటి పైకి వస్తే బ్యాటు పెద్దది. దాన్ని అందుకోవడానికి బాగా వంగవలసి వస్తే చిన్నది. ఈ పరీక్షకు దుకాణంలో రెండు నిమిషాలు చాలు. కుర్రవాణ్ణి వెంట తీసుకువెళ్ళకుండా తండ్రి ఒక్కడే పండుగ సరుకులతోపాటు బ్యాటు తెచ్చే పద్ధతి మాత్రం పనికిరాదు.

బరువు సంగతి

క్రికెట్ నిబంధనలు బ్యాటు పొడవు, వెడల్పు, మందాలకు హద్దులు పెట్టాయి. పొడవు 38 అంగుళాలు, వెడల్పు నాలుగుంబావు అంగుళాలు దాటకూడదు. వెడల్పు హద్దు వెనుక ఒక కథ ఉన్నది. 1771లో ఇంగ్లండులో థామస్ వైట్ అనే ఆటగాడు వికెట్టు అంత వెడల్పు బ్యాటు పట్టుకుని ఆటకు దిగాడట. దానితో హాంబుల్డన్ జట్టువారు నాలుగుంబావు అంగుళాల హద్దు కోరారు, 1774 నాటికి అది నిబంధనల్లో చేరింది. బ్యాట్లు మరీ మందంగా తయారవుతున్నాయని 2017 నుంచి మందానికీ, అంచుకూ కూడా హద్దు విధించారు. మందం 6.7 సెంటీమీటర్లు, అంచు 4 సెంటీమీటర్లు దాటరాదు.

బరువుకు మాత్రం నిబంధన లేదు. దాన్ని ఆటగాని ఒంటికే వదిలివేశారు. పెద్దల షార్ట్ హ్యాండిల్ బ్యాట్లు సాధారణంగా 1,130 నుంచి 1,250 గ్రాముల వరకు తూగుతాయి. 6వ సైజు బ్యాటు వెయ్యి గ్రాములు, అంతకు కొద్దిగా ఎక్కువ ఉంటే బాగుంటుంది. చాలా దుకాణాల్లో బరువు చీటీ అంటించరు. కిరాణా కొట్టులోని కాటా మీద పెడితే నిజం తేలిపోతుంది.

సచిన్ టెండూల్కర్ 3 పౌండ్లు దాటిన బరువైన బ్యాటుతో ఆడాడని కుర్రవాళ్ళు ఉదాహరణ చెబుతుంటారు. మాట నిజమే. అయితే ఆయన మణికట్టు, ముంజేయి వేరు. చిన్ననాటి నుంచి ఆయన చేసిన సాధన వేరు. ఆయనకు కూడా 2004లో మోచేతి నొప్పి పట్టుకుంది, 2005లో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. దానికి బ్యాటు బరువే కారణమని తేల్చి చెప్పలేకపోయినా, 14 ఏళ్ళవాడు అనుకరించవలసిన విషయం మాత్రం అది కాదు.

బరువు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. కుడిచేతివాటం ఆటగానికి పిడి మీద పై చేయి ఎడమ చేయి. ఆ ఒక్క చేత్తోనే బ్యాటు ఎత్తి, సూటిగా డిఫెన్సు ఆడే కదలిక పది సార్లు చేయాలి. బ్యాటు పక్కకు వాలకుండా, మోచేయి దిగజారకుండా చేయగలిగితే బరువు సరిపోయినట్టు. మూడోసారికే చేయి వణికితే ఆ బ్యాటు పక్కన పెట్టడం మంచిది.

తూకం వేరు, మొగ్గు వేరు

కాటా మీద ఒకే బరువు చూపిన రెండు బ్యాట్లు చేతిలోకి తీసుకుంటే వేరువేరుగా తోస్తాయి. ఒకటి తేలికగా లేస్తుంది, రెండోది బరువుగా వాలుతుంది. కొయ్య ఎక్కువగా అడుగు కొసవైపు ఉంటే బ్యాటు కిందికి మొగ్గుతుంది. పైకి సర్దుకుని ఉంటే తేలికగా లేస్తుంది. కావడి మోసినవారికి ఈ తేడా బాగా తెలుసు. బరువు అంతే ఉన్నా ఒక పక్కకు మొగ్గితే భుజం నొప్పి పెడుతుంది.

కనుక కొనేటప్పుడు తూకం అంకె చూసి సరిపెట్టుకోకూడదు. నాలుగైదు బ్యాట్లు ఎత్తి చూడాలి. ఫోటో చూసి డబ్బు పంపి తెప్పించుకునే కొలత బ్యాట్లలో ఉన్న లోపం ఇదే. పొడవు, బరువు చెప్పినట్టే వచ్చినా మొగ్గు ఎలా ఉంటుందో చేతిలోకి వచ్చేవరకు తెలియదు. నచ్చకపోతే, మన పేరు చెక్కించి చేయించిన దాన్ని తిరిగి తీసుకునేవారు ఉండరు.

ఏ బంతి, ఏ నేల?

బంతి తగిలినప్పుడు చేతికి అదురు తెలియకుండా దూరంగా పోయే చోటును ఆటగాళ్ళు మిడిల్ అంటారు. కొన్ని బ్యాట్లలో అది కిందికి, కొన్నింటిలో పైకి ఉంటుంది. బంతి లేవని మట్టి పిచ్‌ల మీద ఆడేవారికి కింద మిడిల్ ఉన్న బ్యాటు నయం. సిమెంటు మీద చాప పరిచిన పిచ్‌పై బంతి బాగా లేస్తుంది. అక్కడ మిడిల్ కాస్త పైకి ఉండాలి. ఊరిలో మట్టి మీద, పట్నంలో చాప మీద ఆడే కుర్రవానికి మధ్యస్థంగా ఉన్నది మేలు. ఇది ఆలోచించకుండా టి.వి.లో కనిపించే ఆటగాని బ్యాటు ఆకారం కోరుకుంటే అది మన పిచ్‌లకు పనికిరాకపోవచ్చు.

బంతిని బట్టి కూడా బ్యాటు మారుతుంది. పల్లె పోటీలు ఎక్కువగా టెన్నిస్ బంతితో జరుగుతాయి. ఆ ఆటకు వెనుక భాగం చెక్కి తేలిక చేసిన ప్రత్యేకమైన బ్యాట్లు ఉన్నాయి. వాటితో తోలు బంతి ఆడితే పగిలిపోతాయి. టెన్నిస్ బంతి ఆటకు ఇంగ్లీషు విల్లో కొనడం వృథా. కార్క్ బంతి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అది రాయిలా గట్టిగా ఉండి మెత్తని ఇంగ్లీషు విల్లోను గుంటలు పడేటట్టు కొడుతుంది. 20 వేల బ్యాటు ఒక్క ఆదివారం కార్క్ బంతి ఆటలో పాడైపోవచ్చు. స్నేహితులు అడిగితే కాదనలేని ఊళ్ళో ఖరీదైన బ్యాటును కాపాడుకోవడం కూడా కష్టమే.

గీతల మోజు

బ్యాటు పలక మీద నిలువుగా కనిపించే గీతలు చెట్టు వయసును తెలిపేవి. గీతలు ఎక్కువగా, తిన్నగా ఉండి, మచ్చ లేకుంటే దాన్ని మొదటి రకం అంటారు. ధర ఈ అందాన్ని బట్టే ఎక్కువగా నిర్ణయమవుతుంది. మచ్చ ఉన్న రెండో, మూడో రకం బ్యాటు కూడా మొదటి రకంతో సమానంగా బంతిని కొట్టవచ్చు. ఎద్దును రంగు చూసి కొనరాదని పెద్దలు చెప్పేది ఇక్కడ కూడా వర్తిస్తుంది.

కాశ్మీర్ విల్లో ఇంగ్లీషు విల్లో కంటే సాధారణంగా బరువుగా, గట్టిగా ఉంటుంది. అనంతనాగ్ జిల్లాలోని బిజ్‌బెహారా, సంగం ప్రాంతాల్లో ఈ బ్యాట్ల తయారీ కుటీర పరిశ్రమగా సాగుతోంది. 2021లో పురుషుల టి20 ప్రపంచ కప్‌లో ఒమన్ ఆటగాళ్ళు కొందరు కాశ్మీర్ విల్లో బ్యాట్లతోనే ఆడారు. ఇంగ్లీషు విల్లో కొయ్య ఇంగ్లండు నుంచి దిమ్మెలుగా మన దేశానికి వస్తుంది. దాన్ని బ్యాట్లుగా మలిచే పనివారు మీరట్, జలంధర్‌లలో ఉన్నారు. వీరిలో చాలామంది పూర్వులు దేశ విభజన తరువాత సియాల్‌కోట్ నుంచి తరలివచ్చినవారు. కొయ్య ఎక్కడిదైనా పనివాని చేయి ముఖ్యమని బొబ్బిలి వీణలు చూసిన ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. పోప్లార్ కొయ్యతో చేసిన నాసిరకం బ్యాట్లను కూడా కాశ్మీర్ విల్లో పేరుతో అమ్ముతున్నారు కనుక తెలిసినవారిని వెంట తీసుకువెళ్ళడం మంచిది.

తక్కువ ఖర్చుతో సరిపెట్టుకోవడం

ఉన్న బ్యాటునే ఒంటికి తగ్గట్టు చేసుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. పిడి సన్నగా ఉండి కింది చేయి గట్టిగా బిగుసుకుంటుంటే, పైన మరొక రబ్బరు గ్రిప్ ఎక్కించుకుంటే సరిపోతుంది. ఖర్చు వంద, నూటయాభై రూపాయలు. చేతులు చిన్నవైనవారు రెండు గ్రిప్‌లు ఉన్న చోట ఒకటి తీసివేయాలి. బ్యాటు కాస్త పొడవైతే ఆట వస్తువులు బాగుచేసే దుకాణంలో పిడి పై కొస అర అంగుళం, అంగుళం కోయించి మళ్ళీ గ్రిప్ ఎక్కించవచ్చు. బరువు తగ్గించాలని ఊరి వడ్రంగి చేత పలక వెనుక చిత్రిక పట్టించడం మాత్రం మంచిది కాదు. బంతికి బలం ఇచ్చే కొయ్య అక్కడే ఉంటుంది.

కొన్ని సందర్భాల్లో బ్యాటు జోలికే పోనక్కరలేదు, పట్టు మార్చుకుంటే చాలు. ఇందుకు హైదరాబాదు ఆటగాడు మహమ్మద్ అజారుద్దీన్ మంచి ఉదాహరణ. 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన ఆయన, 1989 పాకిస్తాన్ పర్యటన నాటికి పరుగులు రాక ఇబ్బందుల్లో పడ్డాడు. అప్పుడు పాకిస్తాన్ మాజీ ఆటగాడు జహీర్ అబ్బాస్ పిడి పట్టుకునే తీరు కొద్దిగా మార్చుకోమని సలహా ఇచ్చాడు. ఆ పర్యటనలోనే ఫైసలాబాద్ టెస్టులో అజారుద్దీన్ 109 పరుగులు చేశాడు. పైసా ఖర్చు లేని ఈ సర్దుబాటును ముందు చేసి చూసి, అప్పటికీ కుదరకపోతేనే బ్యాటు మార్చే ఆలోచన చేయాలి.

సంపద పరుగులివ్వదు

ఖరీదైన సరంజామాతో పరుగులు వచ్చేటట్టయితే మన విజయనగరానికి చెందిన విజ్జీ ప్రపంచంలోకెల్లా గొప్ప బ్యాట్స్‌మన్ అయి ఉండేవాడు. మహారాజకుమార్ విజయానంద గజపతిరాజుకు ఏ దేశపు బ్యాటైనా కొనే స్తోమత ఉండేది. ఇంగ్లండు మేటి ఆటగాళ్ళు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను 1930-31లో మన దేశానికి రప్పించి తన జట్టులో ఆడించుకున్నాడు. 1936లో భారత జట్టు కెప్టెనుగా ఇంగ్లండు వెళ్ళి మూడు టెస్టులు ఆడాడు. మూడింటిలో కలిపి చేసినవి 33 పరుగులు. అదే పర్యటనలో 40 ఏళ్ళు దాటిన మన తెలుగు కుటుంబీకుడు సి.కె. నాయుడు ఓవల్ టెస్టులో 81 పరుగులు చేశాడు. క్రికెట్‌కు విజ్జీ చేసిన సేవ కాదనలేనిది. పట్టణంలోని స్టేడియం ఈనాటికీ ఆయన పేరుతోనే ఉన్నది. అయినా పరుగులు సాధనతో వస్తాయని ఆ అంకెలే చెబుతున్నాయి.

కొలత బ్యాటు ఎప్పుడు?

అలాగని కొలత ఇచ్చి చేయించుకోవడం అనవసరమని కాదు. కొన్ని షరతులు కుదిరినప్పుడు అది పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇస్తుంది.

మొదటిది, ఎత్తు పెరగడం ఆగి ఉండాలి. 13 నుంచి 17 ఏళ్ళ మధ్య కుర్రవాళ్ళు అంగుళాలకు అంగుళాలు పెరుగుతారు. ఈ ఉగాదికి కొలిచి చేయించినది వచ్చే ఉగాదికి పొట్టిదవుతుంది. రెండవది, తోలు బంతితో వారం వారం మ్యాచ్‌లు ఆడుతూ ఉండాలి. ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు ఆడేవానికి తేడా తెలియదు. మూడవది, నిలబడే తీరు, పట్టు, బ్యాటు ఎత్తే విధానం శిక్షకుని పర్యవేక్షణలో స్థిరపడి ఉండాలి. ఆట మారుతూ ఉన్నప్పుడు ఇచ్చిన కొలత మారిపోయే కొలతే.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. తన బ్యాటులో ఏది లోపమో ఆటగాడు నోటితో చెప్పగలగాలి. "కింద బరువుగా ఉంది, పిడి గుండ్రంగా కాక కోలగా ఉండాలి, మిడిల్ ఇంకొంచెం పైకి కావాలి" అని చెప్పగలిగినవానికి పనివాడు కోరినట్టు చేసిపెట్టగలడు. "మంచి బ్యాటు కావాలి" అని మాత్రమే చెప్పగలిగినవాడు దుకాణంలో ఎత్తి చూసి కొనుక్కోవడమే మేలు. రెండు మూడు మామూలు బ్యాట్లు అరగదీసిన తరువాతే ఈ తెలివిడి వస్తుంది.

అయిదవది, అప్పు చేయకుండా కొనగలగాలి. అప్పు తెచ్చి కొన్న బ్యాటుతో దిగిన కుర్రవాడు ఔటైన ప్రతిసారీ ఇంట్లో ముఖాలు గుర్తుకు తెచ్చుకుంటాడు. ఆ భారం ఏ కాటాకూ అందదు.

ఆడపిల్లలకూ ఇవే సూత్రాలు

జిల్లాలో ఆడపిల్లలు కూడా ఇప్పుడు ఈ ఆటలోకి వస్తున్నారు. అన్న వాడి వదిలేసిన పెద్ద బ్యాటు చెల్లెలి చేతికి రావడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025లో మలేసియాలో జరిగిన 19 ఏళ్ళ లోపు మహిళల టి20 ప్రపంచ కప్‌లో స్కాట్లండుపై 110 పరుగులు చేసి, ఆ పోటీల చరిత్రలో తొలి సెంచరీ సాధించింది. అలాంటి ఆట ఆశించే తల్లిదండ్రులు కూతురి చేతికి కూడా ఆమె ఎత్తుకు, బలానికి తగిన బ్యాటునే ఇవ్వాలి. 5 అడుగుల 2, 3 అంగుళాల అమ్మాయికి 6వ సైజు తేలిక బ్యాటు ఉండగా, బరువైన షార్ట్ హ్యాండిల్ అంటగట్టనక్కరలేదు.

కొన్న తరువాత

ఏ విల్లో బ్యాటైనా కొన్న మరునాడే మ్యాచ్‌కు తీసుకుపోరాదు. పచ్చి అవిసె నూనె పలుచగా రాసి ఆరబెట్టాలి. పైన ప్లాస్టిక్ పొర అంటించి అమ్మే బ్యాట్లకు ఈ నూనె అవసరం లేదు. తరువాత కొయ్య సుత్తితో పలకను, అంచులను మెల్లగా మొదలుపెట్టి రోజుకు కొంతసేపు చొప్పున మొత్తం ఆరేడు గంటలు తట్టాలి. ఆ తరువాత పాత తోలు బంతితో క్యాచ్‌ల మాదిరిగా ఆడి చూడాలి. ఇలా చేయని బ్యాటు అంచు దగ్గర త్వరగా చీలుతుంది. వానకు తడిసిన నేల మీద అడుగు కొస ఆనించి నిలబడినా, ఎండలో ఆటో వెనుక పడవేసినా కొయ్య పాడవుతుంది.

డబ్బు లెక్క

చివరగా లెక్క చూస్తే, 20 వేల రూపాయలు చేతిలో ఉన్న తండ్రి ముందు రెండు దారులున్నాయి. మొత్తం ఒకే బ్యాటు మీద పెట్టడం ఒక దారి. అలా పెడితే అది విరిగిన రోజున చేతిలో ఏమీ ఉండదు. సైజు, బరువు, మొగ్గు చూసి ఎంచుకున్న 3 వేల బ్యాటు కొని, మిగిలిన దానితో మంచి హెల్మెట్, గార్డు, గ్లౌజులు తీసుకుని, నెలల తరబడి పట్నం వెళ్ళి తోలు బంతితో సాధన చేయడానికి బస్సు చార్జీలు, శిక్షణ రుసుము కట్టడం రెండవ దారి. తోలు బంతి ఆడే పిల్లవానికి హెల్మెట్ కొనకుండా ఖరీదైన బ్యాటు కొనడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు.

నేర్చుకునే వయసులో ఉన్నవారికి రెండవ దారే మేలు. ఎత్తు ఆగి, లీగ్ మ్యాచ్‌లలో స్థానం కుదిరి, తన బ్యాటు లోపం తానే చెప్పగలిగిన నాడు కొలత బ్యాటు చేయించుకోవచ్చు. ఈ సంక్రాంతికి బ్యాటు కొనదలచినవారు కుర్రవాణ్ణి బూట్లు, గ్లౌజులతో సహా దుకాణానికి వెంట తీసుకువెళ్ళి, పై చేత్తో పది సార్లు ఎత్తించి చూసి, ఆ తరువాతే ధర అడగడం మంచిది.